జెట్ ట్రిమ్ కుదరట్లేదా? ముందు ఎలివేటర్ చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున మన తమ్ముడి 70 ఎంఎం ఈడీఎఫ్ జెట్ (రిమోట్‌తో ఎగరేసే, లోపలి ఎలక్ట్రిక్ ఫ్యాన్‌తో నడిచే మోడల్ విమానం) స్పీడందుకుంటే ముక్కెత్తడం, నెమ్మదిస్తే దించడం చూశారు కదా. ట్రిమ్, అంటే స్టిక్ వదిలినా జెట్ తిన్నగా ఎగిరేలా రిమోట్‌లో చేసే చిన్న సర్దుబాటు, ఎన్ని క్లిక్కులు మార్చినా కుదరలేదు. ఎక్కడ పడిపోతుందోనని అందరికీ ఒకటే టెన్షన్.

సాయంత్రం వాళ్లింటికెళ్లి చూశాను. ఫ్యాన్ తిరగకుండా థ్రాటిల్ కట్ వేసి, సర్వో (ఎలివేటర్‌ని కదిపే చిన్న మోటారు) ఆన్‌లో ఉంచి, ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే తోక పలక) వెనక అంచును రెండు వేళ్లతో మెల్లగా కదిపితే దాదాపు 2 మిల్లీమీటర్లు ఊగింది. హార్న్ (సర్వో కడ్డీని ఎలివేటర్‌కి తగిలించే చిన్న కొమ్ము) రంధ్రం అరిగి కోలగా అయిపోయింది. స్టిక్ లాగి వదిలితే ఒకచోట, నెట్టి వదిలితే ఇంకోచోట ఆగుతోంది. ఇలా ఉంటే ఏ ట్రిమ్మూ నిలవదు. హార్న్ మార్చాం.

అది సరిచేశాకే మిగతావి. మంచి ఎత్తులో థ్రాటిల్ ఒక్కసారిగా పెంచండి. ముక్కు ఆ క్షణమే కదిలితే థ్రస్ట్ లైన్ (ఫ్యాన్ జెట్‌ని తోసే దిశ) సంగతి. స్పీడందుకున్నాక మెల్లగా లేస్తే బరువు ముందుకుంది, దాన్ని అప్ ట్రిమ్‌తో మోస్తున్నాం. బ్యాటరీని 5 మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి జరపండి. మాన్యువల్‌లోని హద్దు మాత్రం దాటొద్దు, తోక బరువైతే జెట్ చేతికి దొరకదు.

ఇంకోటి, బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన. చెన్నైలో ఎగరేసి అలవాటైనవాళ్లు ఇక్కడ ల్యాండింగ్‌కి కాస్త ఎక్కువ స్పీడుతోనే రండి.

ఆ అరిగిన హార్న్ వచ్చే ఆదివారం తెస్తాను, చేత్తో పట్టుకుని చూడండి.