విమానానికీ కాటా ఉంటుంది సార్

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి ఆ రోజే రాద్దామనుకున్నా, కోతల పనిలో పడి ఇప్పటికి కుదిరింది. మన నెల్లూరు జిల్లా దగదర్తిలో విమానాశ్రయం పూర్తయితే మన కావలి, నెల్లూరు, ఒంగోలు వాళ్లు ఇక్కడే ఎక్కి నేరుగా అమెరికాలో దిగొచ్చని ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. మీరేమో ఫొటోతో సహా వేశారు. ఎన్నేళ్లుగానో వింటున్న దగదర్తిలో ఇంతవరకు హైదరాబాదు విమానమే దిగలేదు, ఇక అమెరికా!

నేను ముప్పయ్యేళ్లు లారీలు తిప్పినవాణ్ణి. లారీకి పాసింగ్, అంటే లోడుతో కలిపి ఎంత బరువు దాటకూడదో, ఆర్సీలో రాసినట్టే విమానానికీ రాసి ఉంటుంది. దూరాలు పోయే పెద్ద విమానం బోయింగ్ 777-300ఈఆర్ మొత్తం బరువు 351 టన్నులు దాటితే నేల విడవకూడదు. అందులో ఖాళీ బండే దగ్గర దగ్గర సగం. పదిహేను గంటలు ఆగకుండా పోవాలంటే నూరు టన్నులకు పైగా ఆయిల్ పొయ్యాలి. ఆ ఆయిల్‌ని మొయ్యడానికి మళ్లీ ఆయిలే కాలాలి. ఇవన్నీ పోను మిగిలిందే జనానికి, సామానుకి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఆగకుండా 15,300 కిలోమీటర్లు పోయే ఎయిర్‌బస్ ఏ350లో అందుకే 161 సీట్లే పెట్టారు. మామూలు ఎకానమీ క్లాసే లేదు. మనవాళ్లు కొనేది ఏ టికెట్టో వేరే చెప్పాలా?

ఎండ సంగతి ఇంకోటి. గాలి వేడెక్కితే పలచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజనూ నీరసిస్తుంది. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీలకు పోతే చిన్న జెట్ విమానాలు పదులకొద్దీ రద్దయ్యాయి. మన రోహిణి కార్తె మాటేమిటి? ఎత్తైన ఊళ్లలోనూ ఇదే బాధ. ఇథియోపియాలో కొండల మీదుండే అడిస్ అబాబా నుంచి వాషింగ్టన్ పోయే విమానం చాలా ఏళ్లు పోయేటప్పుడు డబ్లిన్‌లో ఆగి ఆయిల్ పోసుకునేది, వచ్చేటప్పుడు నేరుగా వచ్చేసేది. అంత దూరం ఎందుకు, 2025లో పాకిస్తాన్ మీదుగా పోనివ్వకపోయేసరికి చుట్టు తిరగలేక ఢిల్లీ నుంచి అమెరికా పోయే విమానాలు కొన్ని వియన్నాలో ఆగాల్సొచ్చింది. 2021లో మొదలైన హైదరాబాద్-షికాగో డైరెక్ట్ విమానం కూడా నిలవలేదు. ఢిల్లీ, హైదరాబాదుల గతే ఇదైతే, దగదర్తి నుంచి పోతుందట!

మా అమ్మాయి పోయిన ఏడాది చెన్నైలో ఎక్కి పోతే, దిగినచోట బెల్టు తిరుగుతూనే ఉంది కానీ పెట్టె రాలేదు. బరువు ఎక్కువైందని కొన్ని పెట్టెలు దించేశారట. నాలుగో రోజు ఇంటికి తెచ్చిచ్చారు. ఆవకాయ సీసా మూత ఊడి, అల్లుడికి కొన్న తెల్ల లాల్చీ అంతా ఎర్ర నూనె. నాకు కోపం రాలేదు. పాసింగ్ దాటితే దించాల్సిందే. కోపమంతా మన రోడ్ల మీద. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు, ఇసుక టిప్పర్లు ఎంత లోడుతో పోతున్నాయో కాటా వేసి చూసే నాథుడేడి? మామూలు ముడితే చాలు, నలభై టన్నులైనా పాతికే. రోడ్డు ఆరు నెలలకే గుంటలు. లారీ బరువే చూడలేని వాళ్లు విమానాల గురించి మాట్లాడుతున్నారు.

మాకు అమెరికా వద్దు సార్. పొద్దున్నే హైదరాబాదుకో విమానం, ఢిల్లీకో విమానం వేస్తే అక్కడ పెద్దది ఎక్కుతాం. అర్ధరాత్రి కారు మాట్లాడుకుని చెన్నై పోయే టెన్షన్ తప్పుతుంది. రొయ్యలు పంపే వాళ్లకూ పనికొస్తుంది. ఈసారి ఎవరైనా ఇలా ప్రకటిస్తే, రన్‌వే ఎన్ని మీటర్లు, మే నెల మధ్యాహ్నం దాని మీద ఎన్ని టన్నుల బండి లేస్తుంది అని మీ విలేకరిని ఒక్క మాట అడగమనండి. జవాబు వస్తే ఆ వార్త మొదటి పేజీలో వెయ్యండి.

— ఒక పాత లారీ ఓనరు, కావలి