టోపీల ఆర్డర్ల గురించి, ధర గురించి

మన కస్టమర్లందరికీ నమస్కారం అండి. టోపీలు ఎప్పుడొస్తాయి, ఎందుకంత ధర, సైజు ఫలానా అని చెప్తే చాలదా అని రోజూ మెసేజీలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ ముక్కముక్కలుగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి విడమరిచి రాయడం మేలనిపించింది.

మాది నరసాపురం దగ్గర చిన్న లేసు యూనిట్ అని మీకు తెలిసిందే. ఈ చుట్టుపక్కల ఊళ్లకి లేసు కొత్త కాదు. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పారని చెబుతారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి, అంటే కొక్కెం సూదితో అల్లే లేసుకి, జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. టేబుల్ క్లాత్‌లు, డాయిలీలు (టేబుల్ మీద పరిచే చిన్న లేసు ముక్కలు), కుషన్ కవర్లు, ఇవే తరాలుగా మావాళ్లు అల్లుతున్నవి. సరుకులో చాలా భాగం విదేశాలకే పోతుంది. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరేసరికి, ఎగుమతి చేసేవాళ్ల దగ్గర్నుంచి మాకొచ్చే పని బాగా పల్చబడింది. అదే సమయంలో అమెరికాకి పోస్టు పార్సిళ్ల బుకింగ్ కూడా ఆగి, అక్టోబరు 15న గానీ మళ్లీ మొదలవలేదు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన కస్టమర్లకి ఆ సంగతి బాగా గుర్తుండే ఉంటుంది. ఇక్కడే అమ్ముడుపోయేది ఏదైనా అల్లుదామని అప్పుడే టోపీలు పట్టాం.

కాబట్టి ఉన్నమాట ముందే చెప్పేస్తాను. లేసులో మావాళ్లు ఆరితేరినవాళ్లు. టోపీలకి మాత్రం అందరం కొత్తవాళ్లమే, నాతో సహా. ఆలస్యానికైనా ధరకైనా అసలు కారణం అదే.

అల్లడం వచ్చినవాళ్లకి టోపీ ఎంతసేపు అని మీరనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం. గుండ్రటి డాయిలీ అల్లేటప్పుడు చుట్టు చుట్టుకీ కుట్లు పెంచుకుంటూ పోవాలి, అప్పుడే అది నేలకి అంటుకున్నట్టు చదునుగా పరుచుకుంటుంది. టోపీ మొదలూ అచ్చం అదే. నడినెత్తి దగ్గర చిన్న వలయం, అందులో పన్నెండు డబుల్ కుట్లు (సూదికి ఒకసారి దారం చుట్టి వేసే పొడుగు కుట్లు), తర్వాతి చుట్టులో ఇరవై నాలుగు, ఆ తర్వాత ముప్పై ఆరు. ఇంతవరకూ మావాళ్ల చేతులు కళ్లు మూసుకుని చేసేస్తాయి. తేడా అంతా ఆ తర్వాతే. ఒకచోట పెంచడం ఆపేసి, అవే కుట్లతో కిందికి దిగాలి. ఆ చోటు ఒక చుట్టు ముందైతే బిగిసిపోతుంది, ఒక చుట్టు తర్వాతైతే చెవుల మీదికి జారుతుంది. మా పెద్దత్త మొదటి టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏవమ్మాయ్, ఇది నెత్తిన పెట్టుకునేదా, బోర్లించిన కొబ్బరిచిప్పా?" అంది. ఆవిడ అలా అన్నాకే అందరం టేపు తీశాం.

లెక్క ఇదండి. ఏడాది బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 18 అంగుళాలు ఉంటుంది. అల్లిక సాగుతుంది కాబట్టి ఒక అంగుళం తగ్గించి 17 పట్టుకోవాలి. 17ని 3.14తో భాగిస్తే సుమారు 5.4. అంటే పైన గుండ్రం అడ్డంగా అయిదున్నర అంగుళాలకి కాస్త లోపు రాగానే పెంచడం ఆపాలి. మేం వాడే మధ్యరకం మందం దారంతో, 5 మిల్లీమీటర్ల సూదితో అది అయిదో చుట్టులో, అరవై కుట్ల దగ్గర వస్తుంది. అదే లెక్క ఇంకొకరి చేతిలో ఆరో చుట్టుకి పోవచ్చు, ఎందుకంటే బిగువు ఎవరిది వాళ్లదే. అందుకని ఇప్పుడు మా దగ్గర ఎవరు టోపీ మొదలుపెట్టినా ముందు నాలుగంగుళాల ముక్క ఒకటి అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో లెక్క పెడుతున్నారు. లేసులో ఈ అలవాటు మాకెవరికీ లేదు. డాయిలీ అరంగుళం అటూ ఇటూ అయితే అడిగేవాళ్లుండరు, టేబుల్‌కి తల ఉండదు కదా.

బిగువు దగ్గర ఇంకో చిక్కు ఉంది. సన్నటి నూలు దారంతో, మిల్లీమీటరు మందం కూడా సరిగ్గా లేని స్టీలు సూదితో ఏళ్ల తరబడి అల్లిన చేతులు ఇవి. దారాన్ని చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టి లాగి పట్టుకుంటారు. లేసు గట్టిగా నిలబడాలంటే అలాగే పట్టాలి. లావు దారాన్నీ అలాగే పట్టేసరికి టోపీ పలక దేరుతోంది, సాగే గుణమే పోతోంది. ఆ చుట్టు తీసేసి దారాన్ని చూపుడువేలి మీదుగా వదులుగా వదలమంటే చెయ్యి వినదు. ముప్పై ఏళ్ల అలవాటు ఒక్క శీతాకాలంలో పోవాలంటే ఎలా పోతుంది చెప్పండి. కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలకి లేసు అంతగా రాదు, టోపీలు మాత్రం మెత్తగా చక్కగా వస్తున్నాయి. పెద్దవాళ్లకి ఇది కొంచెం ఉడుకుమోత్తనంగానే ఉంది.

అంచు పట్టీ గురించి అడిగినవాళ్లకి: అది విడిగా అతికింది కాదు, అల్లికలోదే. కుట్టు తలమీద రెండు పోగులు కనిపిస్తాయి. వెనక పోగులోంచి మాత్రమే సూది దించుతూ అల్లితే గాడులు గాడులుగా వచ్చి రబ్బరు బ్యాండులా సాగుతుంది. మామూలు కుట్టుకంటే టైం ఎక్కువ పడుతుంది గానీ, అది లేకపోతే టోపీ నాలుగు ఉతుకులకే వదులైపోతుంది.

ఉతుకు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. లేసుకి గంజి పెట్టి, పిన్నులు కొట్టి ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మరీ పంపడం మా పద్ధతి. టోపీలకి అవేవీ వద్దు. ముఖ్యంగా అక్రిలిక్ (ఊలులా ఉండే సింథటిక్ దారం) టోపీ మీద వేడి ఇస్త్రీ పెట్టకండి. దారం ఒకసారి చచ్చుబడి జీవం పోయాక ఇక తిరిగి రాదు. చల్లటి నీళ్లలో పిండీ పిండనట్టు పిండి, చెంబు మీద బోర్లిస్తే ఆకారం నిలుస్తుంది.

ఇక ధర. పసిపిల్లల కాటన్ టోపీ 380, పెద్దవాళ్లది 650. బజార్లో 150కి టోపీ దొరుకుతుంది కదా అని చాలామంది అడిగారు. దొరుకుతుంది. అది మిషన్ మీద నిట్టింగ్ చేసింది, స్వెట్టర్ల అల్లిక లాంటిది. క్రోషే అల్లే మిషన్ మార్కెట్లో లేదండి, ఎక్కడ క్రోషే టోపీ కనిపించినా దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉన్నట్టే. అదే క్రోషే టోపీ 150కి ఇస్తున్నారంటే ఆ చేతికి ఎంత ముట్టిందో మీరే లెక్క వేసుకోండి. మా 380లో దారానికి 90, అల్లినావిడకి 180 పోతాయి, మిగతా 110లో ప్యాకింగు, కరెంటు, తిప్పి అల్లించాల్సిన ముక్కలు, నా జీతం. వంటావార్పూ చూసుకుంటూ అల్లితే ఒక్క పసిపిల్లల టోపీకి ఒక పూట పడుతుంది. ఆ 180 తగ్గించి ధర దించే ఆలోచన నాకు లేదు. డిస్కౌంట్ అడిగేవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ఎక్కువగా పోతున్నవి బారసాల బహుమతులకే. నరసాపురంలో ఊలు టోపీ ఎవరు పెట్టుకుంటారని మొదట్లో నవ్వారు గానీ, ధనుర్మాసంలో తెల్లారగట్ల మంకీ క్యాప్ లేకుండా గుడికెళ్లే తాతగారు మా వీధిలో ఒక్కరూ లేరు. బాలింత చెవుల్లో దూది, బిడ్డ నెత్తిన టోపీ మనకి మే నెలలోనూ తప్పవు. అందుకే పసిపిల్లలవి పూర్తిగా కాటన్‌తోనే చేస్తున్నాం. వాటికి పూసలు, గుండీలు, ఊలు బంతులు ఎంత అడిగినా పెట్టం, ఊడితే తిన్నగా నోట్లోకే పోతాయి. ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు బిడ్డకి టోపీ తీసెయ్యండి. ఒళ్లు వేడెక్కుతుంది, మొహం మీదికి జారే ప్రమాదం కూడా ఉంది. కీమో చేయించుకుంటున్నవాళ్ల కోసం అడిగితే మెత్తటి కాటన్‌లో, కుట్లు దగ్గరదగ్గరగా వేసి ఇస్తాం. అరకు, లంబసింగి వెళ్లేవాళ్లకి అక్రిలిక్ చాలు.

నేర్చుకునే కిట్ల సంగతి. మేం కూడా నేర్చుకుంటూనే ఉన్నాం కాబట్టి కొత్తవాళ్లకి ఎక్కడ చెయ్యి ఆగుతుందో మాకు బాగా తెలుస్తోంది. కిట్‌లో ఒక లేత రంగు దారం ఉండ, 5 మిల్లీమీటర్ల సూది, పెద్ద కన్ను ఉన్న దబ్బనం, పిన్నీసు, తెలుగులో రాసిన కాగితం ఉంటాయి. నల్ల దారం అడక్కండి, అందులో కుట్లు కనపడక ఏడుపొస్తుంది. నూగు నూగుగా ఉండే దారమూ అంతే. పిన్నీసు ఎందుకంటే, టోపీ మెట్లు లేకుండా చుట్టూ తిరిగే అల్లిక, చుట్టు ఎక్కడ మొదలైందో గుర్తు లేకపోతే లెక్క తప్పుతుంది. ప్రతి చుట్టులో మొదటి కుట్టుకి పిన్నీసు పెట్టి, తిరిగి వచ్చినప్పుడు పైకి మార్చుకోండి. మొదట్లో వేసే, లాగి బిగించే వలయం కుదరనివాళ్లు నాలుగు చైన్లు వేసి కలిపేసినా చాలు, మధ్యలో చిన్న కన్నం మిగులుతుంది, అంతే. కాగితంలో కుట్ల పేర్లు అమెరికా పద్ధతిలో ఉన్నాయి. బ్రిటిష్ పద్ధతిలో ట్రెబుల్ అనేదే ఇక్కడ డబుల్. వీడియోలు చూసి అల్లేవాళ్లు ఇది సరిచూసుకోండి, లేకపోతే టోపీ కొలత మొత్తం మారిపోతుంది.

రంగుల విషయంలో ఒక మాట. ఒకే రంగు నంబరు ఉన్నా, వేరే విడత అద్దకంలో వచ్చిన ఉండకి ఛాయ కొద్దిగా తేడా వస్తుంది. అందుకే తల్లికీ బిడ్డకీ జత టోపీలు కావాలంటే రెండూ ఒకేసారి ఆర్డరు చెయ్యండి. తర్వాత ఇంకోటి అదే రంగులో అంటే మాట ఇవ్వలేను.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ల టోపీలు వరసలోనే వస్తున్నాయి, ఎవరిదీ ముందుకీ వెనక్కీ జరపడం లేదు. ఆగలేమనుకుంటే చెప్పండి, పూర్తి డబ్బు వెనక్కి పంపిస్తాను. కొత్త ఆర్డర్లు పసిపిల్లల సైజుల వరకే తీసుకుంటున్నాం, పెద్దవాళ్లవి ప్రస్తుతానికి ఆపాం. లేసు పని ఎప్పటిలాగే నడుస్తోంది. ఆర్డరు పెట్టేటప్పుడు "మా బాబుకి ఏడాది" అని కాకుండా, కనుబొమ్మల పైనుంచి చెవుల మీదుగా వెనక్కి టేపు చుట్టి, వచ్చిన అంగుళాలు రాసి పంపండి. టేపు లేకపోతే దారంతో చుట్టి స్కేలు మీద కొలిచినా సరిపోతుంది.