సూడాన్ సహాయ నిధి: 2025 నవంబరు, డిసెంబరు జమా ఖర్చులు

సంఘంలోని సహోదరీ సహోదరులకు, సంఘం బయట నుంచి ఈ నిధికి చెయ్యి కలిపిన స్నేహితులకు కమిటీ తరఫున వందనాలు.

అక్టోబరు 26న సూడాన్ పశ్చిమాన దార్ఫూర్‌లోని ఎల్ ఫాషర్ పట్టణం, దేశ సైన్యంతో పోరాడుతున్న ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళం చేతికి చిక్కింది. అంతకుముందు దాదాపు ఏడాదిన్నర ఆ పట్టణం ముట్టడిలో ఉంది. లోపల చిక్కుకున్నవాళ్లు, నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కను తిని ప్రాణం నిలుపుకున్నారు. అది పశువులకు వేసే మేత. నవంబరు మొదటి వారంలో ఎల్ ఫాషర్‌లోనూ, దేశ దక్షిణాన ఉన్న కదుగ్లి పట్టణంలోనూ కరువు ఉందని, ఆకలి తీవ్రతను అంచనా వేసే అంతర్జాతీయ వ్యవస్థ ఐపీసీ నిర్ధారించింది. సెప్టెంబరు నాటికే దేశంలో 2 కోట్ల 12 లక్షల మందికి సరిపడా తిండి లేదు. 2023 ఏప్రిల్ 15న మొదలైన ఈ యుద్ధం గురించి మన ప్రార్థనల్లో అప్పుడప్పుడు ఒక మాట వచ్చి పోతుండేది. ఈసారి అలా వదిలేయకూడదనుకున్నాం. శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టుకుని, ఆ పూట తినకుండా మిగిలిన డబ్బు సూడాన్‌కు ఇద్దామని నిర్ణయించాం. ఉపవాసం అంటే ఆకలిగొన్నవాడితో నీ ఆహారం పంచుకోవడమే అని యెషయా 58వ అధ్యాయం సూటిగా చెబుతోంది కదా.

ముందు జమ. శుక్రవారం ఉపవాస కానుకలు 3,120 పౌండ్లు. ఆదివారం ప్రత్యేక కానుకలు 2,485. బ్యాంకు ద్వారా విడిగా పంపినవి 4,350. సండే స్కూల్ పిల్లల డబ్బాల్లోంచి 214 పౌండ్ల 60 పెన్నీలు. ఇవి కాక గిఫ్ట్ ఎయిడ్ 1,300. బ్రిటన్‌లో పన్ను కట్టే దాత ఫారం నింపి ఇస్తే, ఇచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. మనకు ఫారాలు వచ్చింది 5,200 పౌండ్ల మేరకే. ఇంకా ఎంతోమంది అర్హులున్నారు, దయచేసి ఫారం నింపండి. మొత్తం జమ 11,469 పౌండ్ల 60 పెన్నీలు.

ఖర్చులో పెద్ద భాగం, 6,000 పౌండ్లు, సూడాన్ పిల్లల కోసం యూనిసెఫ్‌కు ఇచ్చాం. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. ఐదేళ్లలోపు పిల్లల జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్లకు తగ్గితే ప్రాణాపాయమని లెక్క. ఆ స్థితిలో ఉన్న బిడ్డకు మామూలు అన్నం పెడితే సరిపోదు. వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపి చేసే 92 గ్రాముల ప్యాకెట్ ఉంటుంది, ఒక్కోదానిలో 500 కేలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు, పొయ్యి లేని గుడారంలోనైనా తల్లి చించి నోటికి అందించవచ్చు. మంచినీళ్లే దొరకని చోట ఇది ఎంత పెద్ద మేలో ఆలోచించండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా తినిపిస్తే చాలామంది పిల్లలు కోలుకుంటారు. మన డబ్బుతో ఇంతమంది బతికారని మేం అంకె వేయం. అది మన చేతిలో ఉన్న లెక్క కాదు.

4,500 పౌండ్లు క్రిస్టియన్ ఎయిడ్‌కు పంపాం. రెండో ప్రపంచ యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న శరణార్థుల కోసం 1945లో బ్రిటన్, ఐర్లండ్ సంఘాలు కలిసి పెట్టుకున్న సంస్థ అది. ఇందులో 400 పౌండ్లు గాజాకు. ఒక కుటుంబం ‘గాజా కోసం మాత్రమే’ అని రాసి ఇచ్చింది కాబట్టి, ఆ డబ్బు సూడాన్‌కు వాడలేదు. ఏ పనికని ఇస్తే ఆ పనికే వాడాలి. మిగతా 4,100 సూడాన్ సహాయానికే. అక్కడ యువకులు, ఆడవాళ్లు ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అనే పేరుతో వాడవాడలా సామూహిక వంటశాలలు నడుపుతున్నారు. పెద్ద లారీలు చేరలేని చోట గంజి పోస్తున్నది వాళ్లే. వాళ్ల క్షేమం కోసం పేరుపెట్టి ప్రార్థించండి, ఈ పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

కార్డు మెషీన్ రుసుము 38 పౌండ్ల 15 పెన్నీలు. కరపత్రాలు, టీ ఖర్చు కమిటీ సభ్యులే పెట్టుకున్నారు, నిధి నుంచి తీసుకోలేదు.

రెండు ప్రశ్నలు చాలామంది అడిగారు. బట్టలు, దుప్పట్లు ఎందుకు తీసుకోలేదు? పోర్ట్ సూడాన్ రేవు నుంచి దార్ఫూర్ వెయ్యి కిలోమీటర్లకు పైనే, మధ్యలో యుద్ధరంగం. మూటలు పంపే ఖర్చుతో అక్కడే ఎక్కువ సరుకు కొనవచ్చు. ఇక రెండోది, డబ్బు క్రైస్తవులకే ఇవ్వొచ్చు కదా అన్నది. దార్ఫూర్‌లో ఇంచుమించు అందరూ ముస్లింలే. విశ్వాసుల గురించిన శ్రద్ధ ఈ ప్రశ్నలో ఉందని మాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యం. కానీ గలతీ పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు విశ్వాస గృహం గురించి చెప్పేముందు ‘అందరికీ’ మేలు చేయమన్నాడు. దెబ్బలు తిని దారిలో పడివున్న మనిషిని సమరయుడు నీదే మతమని అడగలేదు. ఆకలితో ఉన్న బిడ్డను మేమూ అడగం. ఈ విషయంలో కమిటీ అంతా ఒకే మాట మీద ఉంది.

లెక్క ఇంత విడమరిచి చెప్పడానికీ పౌలే కారణం. యెరూషలేములోని బీదల కోసం పోగైన కానుకను ఒక్కడే మోసుకెళ్లలేదు. ప్రభువు ముందే కాదు, మనుషుల ముందు కూడా నిందకు చోటు ఉండకూడదని సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట ఉంచుకున్నాడు (2 కొరింథీ 8). అందుకే కమిటీలో లేని ఇద్దరితో ఈ పద్దులు తనిఖీ చేయించాం.

మొత్తం ఖర్చు 10,538 పౌండ్ల 15 పెన్నీలు, నిల్వ 931 పౌండ్ల 45 పెన్నీలు. గిఫ్ట్ ఎయిడ్ ఆలస్యంగా అందడం వల్ల మిగిలింది ఇది, వచ్చే విడతలో యూనిసెఫ్‌కు వెళ్తుంది. రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఆరాధన అయ్యాక ఎవరైనా చూడవచ్చు.

శుక్రవారం ప్రార్థన కొనసాగుతుంది. చాద్ సరిహద్దులోని అద్రె దాటే సహాయ లారీల కోసం, చాద్‌లోని శరణార్థుల కోసం, ఇరువైపులా ఆయుధాలు అందిస్తున్నవాళ్ల మనసు మారాలని ప్రార్థిద్దాం. సూడాన్ సైన్యాధిపతి బుర్హాన్, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ నాయకుడు దగాలో, ఈ ఇద్దరు సేనానుల పేర్లు కూడా మన ప్రార్థన జాబితాలో ఉన్నాయి.

- సహాయ నిధి కమిటీ