ఎండాకాలం మా ఉద్యోగం ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిచ్చిన మర్నాటి నుంచే కర్నూలు వీధుల్లో తలమీద చున్నీ కప్పుకొని, కరపత్రాల సంచి తగిలించుకొని ఇద్దరిద్దరుగా తిరిగే ఆడవాళ్లు కనిపిస్తారు. సబ్బులు అమ్మేవాళ్లనుకొని చాలామంది తలుపు తీయరు. మేము ప్రైవేటు బడి టీచర్లం. నేను పన్నెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను.

చేర్చుకున్నప్పుడు ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పాలన్నారు. నియామక పత్రమంటూ ఏదీ ఇవ్వలేదు గానీ నా డిగ్రీ, బీఎడ్ అసలు సర్టిఫికెట్లు తీసుకొని బీరువాలో పెట్టుకున్నారు. తర్వాత బస్సులో పిల్లల వెంట వెళ్లే పని వచ్చింది. ఫీజు కట్టని తల్లిదండ్రులకు నా సొంత ఫోను నుంచి గుర్తుచేసే పని వచ్చింది. (ఇప్పుడు మార్కుల సంగతి మాట్లాడదామని చేసినా నా ఫోను ఎత్తరు.) వాటికి సర్దుకున్నాను. ఈ అడ్మిషన్ల ప్రచారానికి మాత్రం సర్దుకోలేకపోతున్నాను.

ఒక్కొక్కరికి పదిమంది పిల్లలు టార్గెట్. ఒక రూళ్ల పుస్తకం చేతికిస్తారు. అందులో ఇంటి నంబరు, పిల్లవాడి పేరు, ఇప్పుడు చదివే బడి, తల్లి ఫోను నంబరు, చివరి గడిలో ‘వస్తారు’ లేదా ‘చూద్దామన్నారు’ అని రాయాలి. సాయంత్రం లెక్క చూసినప్పుడు ‘చూద్దామన్నారు’ ఎక్కువైతే నలుగురి ముందూ చీవాట్లే. నిరుడు బుధవారపేటలో ఒక తలుపు తడితే మా పాత విద్యార్థే తీశాడు. ‘అమ్మా, మా లెక్కల టీచర్ కాగితాలు పంచడానికి వచ్చింది’ అని లోపలికి కేకేశాడు. ఆ తల్లి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ‘ఫీజు ఎంత తగ్గిస్తారు మేడం?’ అని అడిగారు. ఏం చెప్పను? టార్గెట్ పూర్తికాలేదని నా మే నెల జీతమే ఆపేశారు.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు ఏ ఉపాధ్యాయుణ్నీ వినియోగించకూడదు. కరపత్రాలు ఈ మూడింటిలో దేని కిందికి వస్తాయో మరి! అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయుడు కార్మికుడు కాడని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి కార్మికుల్లా లేబర్ కోర్టుకెళ్లే దారీ మాకు లేకపోయింది.

‘పిల్లలు చేరకపోతే మీ జీతాలు ఎక్కడి నుంచి తెచ్చేది?’ అంటారు యాజమాన్యం వారు. కార్పొరేట్ బడుల పోటీలో చిన్న బడులు నలుగుతున్న మాట నిజమే, కాదనను. అయితే వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకే ఖర్చు పెట్టాలని 1994 నాటి జీవో నంబరు 1 చెబుతోంది. అది అమలైన బడి కోసమైతే నేనే ఇష్టంగా నాలుగు వీధులు తిరిగి చెబుతాను.

జిల్లా విద్యాశాఖాధికారులకు ఒక్క మనవి. గుర్తింపు పునరుద్ధరణకు దరఖాస్తు వచ్చినప్పుడు భవనం కొలతలు, అగ్నిమాపక పత్రాలు చూస్తున్నారు. వాటితోపాటు టీచర్ల బ్యాంకు ఖాతాల్లో పన్నెండు నెలల జీతం పడిందో లేదో కూడా చూడండి. ఆఫీసు గదిలో బీరువా ఉంటే అదీ ఒకసారి తెరిపించండి.

నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను. నా సర్టిఫికెట్లు ఇంకా అందులోనే ఉన్నాయి.

— ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, కర్నూలు