అడుగున పెట్టిన థర్మామీటర్‌కి పై సంగతి తెలియదు

సంపాదకుడికి,

అయ్యా,

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. వంటింట్లో అది నిజమే గానీ కెమికల్ ట్యాంకు దగ్గర కాదు. 2020 మే 7 తెల్లవారుజామున మాకు దగ్గర్లోని ఆర్.ఆర్. వెంకటాపురం మీద ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి కమ్మి 12 మంది పోయారు. తర్వాత విచారణ కమిటీలు చెప్పిన కారణాల్లో ఒకటి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగున మాత్రమే. పైభాగం ఎంత వేడెక్కిందో చెప్పే ఏర్పాటే లేదు. స్టైరీన్ వేడెక్కితే తనంతట తాను పాలిమర్‌గా (అణువులు గొలుసుల్లా కలిసి) మారుతూ ఇంకా వేడి పుట్టిస్తుంది. పైన అది జరుగుతుంటే కింద ఉన్న మీటరుకి ఏం తెలుస్తుంది?

నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఒకప్పుడు పనిచేసిన యూనిట్ సంగతి చెబుతాను, పేరు ఎందుకులెండి. ట్యాంకుకి ఒక్కటే ఆర్‌టీడీ, అంటే వేడి కొలిచే సెన్సర్. అది కూర్చునే థర్మోవెల్‌లో (ట్యాంకులోకి దిగిన మూసిన గొట్టంలో) పోసిన ఆయిల్ ఎప్పుడో ఎండిపోయింది, లోపల వేడి మారిన చాలాసేపటికి గానీ అంకె కదిలేది కాదు. లాగ్ బుక్‌లో మాత్రం గంటగంటకీ రీడింగ్ ఉండేది, అన్నీ ఒకే పెన్నుతో, ఒక్కసారే కూర్చుని రాసినట్టు! తనిఖీకి వచ్చినాయన ఇన్‌ఫ్రారెడ్ గన్ (కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన లాంటిదే) ట్యాంకుకి గురిపెట్టి, వచ్చిన అంకె రాసుకుని వెళ్లారు. ట్యాంకు చుట్టూ ఉన్నది తళతళలాడే అల్యూమినియం రేకు. మెరిసే రేకు తన వేడిని సరిగా బయటపెట్టదు, ఎదురుగా ఉన్నదాన్ని అద్దంలా చూపిస్తుంది. ఆయన వెళ్లాక నల్ల టేపు ముక్క అంటించి దానిమీద గన్ పెట్టి చూశాను. అంకె వేరే వచ్చింది. ఎంతయినా అదీ రేకు వేడే, లోపలి సరుకుది కాదు.

లోపలి వేడిని ఒక్కచోట కాక పొడవునా కొలవడానికి ఆప్టికల్ ఫైబర్ ఉంది. సన్నటి గాజు పోగులోకి ఇన్‌ఫ్రారెడ్ లేజర్ పల్స్ పంపుతారు. దారి పొడవునా అందులో రవ్వంత కాంతి తరంగదైర్ఘ్యం మార్చుకుని వెనక్కి వస్తుంది. అలా వచ్చినదాంట్లో ఒక భాగం వేడికి బాగా మారుతుంది, ఇంకొకటి అంతగా మారదు. రెండింటి నిష్పత్తిని బట్టి వేడి ఎంతో, తిరిగిరావడానికి పట్టిన సమయాన్ని బట్టి అది ఎక్కడో తెలిసిపోతుంది. కిలోమీటర్ల తీగలో ఇంచుమించు మీటరుకో కొలత. పోగులో కరెంటు ఉండదు కాబట్టి మండే ఆవిర్ల మధ్య నిప్పురవ్వ భయమూ ఉండదు. భూగర్భ విద్యుత్ కేబుళ్లకు, రోడ్డు సొరంగాలకు, చమురు బావులకు ఎప్పటినుంచో వాడుతున్నారు. ఇదంతా కాంతి అలా తరంగదైర్ఘ్యం మార్చుకుంటుందని చెప్పిన 1928 నాటి రామన్ ఎఫెక్ట్ చలవే. ఆ రామన్ చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖలోనే, వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు.

అన్నిచోట్లా ఫైబరే వెయ్యమనడం లేదు. ఖరీదు ఎక్కువ, ఎక్కడ గట్టిగా మడతపడినా కాంతి పోతుంది. పైగా ఫైబర్ చెప్పేది తన ఒంటి వేడినే, సరిగా ఆనించి కట్టకపోతే దండగ. చిన్న ట్యాంకుకి మూడు ఎత్తుల్లో మూడు ఆర్‌టీడీలు చాలు. పెద్ద ట్యాంకులకు, బొగ్గు కన్వేయర్లకు, కేబుల్ ట్రెంచులకు మాత్రం ఫైబర్ అడగాల్సిందే.

ఫ్యాక్టరీల శాఖ వారికి నా విన్నపం ఒకటే. సేఫ్టీ ఆడిట్‌లో థర్మామీటర్ ఉందా అని అడిగి టిక్కు పెట్టుకోకండి. ఎన్ని ఎత్తుల్లో కొలుస్తున్నారు, రాత్రి రెండింటికి అలారం మోగితే వినేదెవరు, ఈ రెండూ రాతపూర్వకంగా తీసుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెక్నీషియన్,
గోపాలపట్నం, విశాఖపట్నం