నల్లబెల్లం, పటిక: ఒక కొట్టు మానేస్తే సరిపోలేదు

సంపాదకులకు నమస్కారం.

ఎవరి మనసు వాళ్లు శుభ్రంగా ఉంచుకుంటే ఊళ్లో నేరమే ఉండదని మొన్న ఆదివారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన కోరింది మంచే. కానీ ఇరవై రెండేళ్లుగా మహారాష్ట్రలోని సిరొంచలో కిరాణా కొట్టు నడుపుతున్న నా అనుభవం వేరు.

మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం, ఉంది. జనం కొట్లాడి తెచ్చుకున్నారు. అయితే గోదావరి వంతెన దాటితే తెలంగాణలోని కాళేశ్వరం, అటు వైపు వైన్సులు తెరిచే ఉంటాయి. ఇటు పల్లెల్లో గుడుంబా, అంటే నాటుసారా. దానికి కావలసిన నల్లబెల్లం, పటిక రెండూ ఒకప్పుడు నా కొట్టులోనే దొరికేవి. పండక్కి పరమాన్నం వండుకునేవాళ్లు బెల్లం రంగు చూస్తారు, చిన్న ముక్క నోట్లో వేసుకుని అరకిలో కడతారు. గుడుంబావాళ్లు రుచి చూడరు. పాకం కారుతూ ఈగలు ముసిరే దిమ్మలను పొద్దుగూకాక బస్తాల లెక్కన అడుగుతారు. బేరమూ ఆడరు.

ఆరేళ్ల కింద మా వాడకట్టు ఆడమనిషి ఒకామె చేతికి కట్టుతో ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చింది. పెనిమిటి తాగొచ్చి కొట్టాడట. ముందు రోజు రాత్రే నేను రెండు బస్తాలు అమ్మాను. ఆ డబ్బున్న గల్లాపెట్టెలోంచే ఆమెకు చిల్లర ఇచ్చాను. మర్నాటి నుంచి నల్లబెల్లం తేవడం మానేశాను.

దాంతో ఒక్క సీసా తగ్గిందా? లేదు. గిరాకీ పక్క వీధికి పోయింది. ఆమె చెయ్యి ఆ తర్వాతా ఒకసారి విరిగింది. గుడుంబా కాచేవాళ్లూ రాక్షసులేం కారు. తునికాకు పని కొద్ది వారాల్లో అయిపోతే మిగతా ఏడాది గడిచేదెట్లా?

తూకంలో నేను మోసం చేయను. అయినా ఏటేటా నా కాటాకు సర్కారు ముద్ర వేయించుకుంటాను. అందులో నాకు నామోషీ లేదు. అందరి కాటాకూ ముద్ర ఉండాలన్న నియమం వల్లే సరిగ్గా తూచేవాడు నష్టపోకుండా బతుకుతున్నాడు. బెల్లం బస్తాలు ఎవరికి పోతున్నాయని మాత్రం ఇన్నేళ్లలో నా కొట్టుకు వచ్చి అడిగినవాళ్లు లేరు.

చట్టం కాగితం మీద ఉంటే చాలని నేననను. పక్కనున్న చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టిన నిషేధాన్ని 2021లో ఎత్తేశారు. దొంగ మద్యం పెరిగిందన్నది ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి. మా జిల్లాకూ ఆ గతి పడుతుందేమోనని నా భయం.

మాది గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డ్ ప్రాంతం. మత్తు పదార్థాలను కట్టడి చేసే అధికారం ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. తాలూకా పల్లెల్లో ఆ సభలు పెట్టి ఆడవాళ్ల మాట వినాలి. నల్లబెల్లం, పటిక టోకున కొనేవారి పేరు, ఊరు, బరువు రాసే పుస్తకం ప్రతి కొట్టులోనూ ఉండేలా అధికారులు చూడాలి. రాత్రిపూట వంతెన మీద తనిఖీ పెట్టాలి. ఆ పుస్తకం చూడడానికి మొదట నా కొట్టుకే రమ్మని వారిని కోరుతున్నాను.

– ఒక కిరాణా వ్యాపారి,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా