గోజో స్కూబా ప్యాకేజీలో భద్రతా లోపాలు, రీఫండ్ నిరాకరణపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం, హైదరాబాద్.

నమస్కారం.

మీ మాల్టా–గోజో స్కూబా ప్యాకేజీలో నేనూ మా చెల్లెలూ గత అక్టోబరులో వెళ్లొచ్చాం. చివరి డైవ్ డబ్బు అడిగితే, "మీరే మానేశారు కదండీ, రీఫండ్ రాదు" అని ఫోన్‌లో తేల్చేశారు. ఎందుకు మానేశామో ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున 6 గంటలకు ఫ్లైట్ బుక్ చేసి, ముందురోజు సాయంత్రం 4కి డైవ్ పెట్టారు. వరసగా డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి. ఒంట్లో మిగిలిన నైట్రోజన్, విమానంలో ఒత్తిడి తగ్గేసరికి బుడగలు కట్టే ప్రమాదం ఉంది. స్కూబా ప్యాకేజీలు అమ్మేవాళ్లకు ఈమాత్రం తెలియకపోతే ఎలా?

అంతకుముందు గోజో దీవిలోని ద్వేయ్‌రాలో జరిగింది ఇంకా ఘోరం. అక్కడి బ్లూ హోల్ సున్నపురాయిలో నిలువుగా దిగిన బావిలా ఉంటుంది. లోపలున్న రాతి కమాను గుండా బయటి సముద్రంలోకి వెళ్లాలి. మళ్లీ ఒడ్డెక్కాలన్నా ఆ రాళ్లే దిక్కు. పడమటి తీరం కాబట్టి వాయవ్యపు గాలి వీస్తే అలలు నేరుగా వచ్చి కొడతాయి. ఆ రోజు అదే గాలి. మా ముందే ఇంకో బృందం సామాను వ్యాన్‌లో సర్దుకుని వెళ్లిపోయింది. ఆగ్నేయంలో గాలి చాటున మ్జార్ ఇష్‌షీని అనే చిన్న ఖాతం ఉంది, అక్కడికి వెళ్దామన్నా మీ గైడ్ వినలేదు.

నీళ్లలో దిగేముందు ఒకరి పరికరాలు ఒకరు సరిచూసుకునే బడ్డీ చెక్ కూడా గైడ్ చేయించలేదు. చెల్లెలి సిలిండర్‌కు గొట్టం కలిసేచోట సన్నగా బుడగలు వస్తున్నాయని చూపిస్తే, ఓకే అని సైగ చేసి ముందుకు సాగిపోయాడు. మావి మొదటి స్థాయి ఓపెన్ వాటర్ సర్టిఫికెట్లు, 18 మీటర్లు దాటకూడదు. 2017లో కూలిన అజూర్ విండో అనే సహజ రాతి కమాను రాళ్లు చూపిస్తానంటూ 26 మీటర్లకు దించాడు. ఆ రాళ్లు చూడాలని ఎంతో ఆశపడ్డాం. తీరా అక్కడికెళ్లాక, సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే చెల్లెలి గేజ్‌లో ముల్లు పడిపోతుంటే నా కళ్లు దాని మీదే ఉన్నాయి. ఒడ్డెక్కేటప్పుడు అల విసిరికొట్టి ఆమె అరచెయ్యి తెగింది. వ్యాన్‌లో ఆక్సిజన్ కిట్ కూడా లేదు.

మానేసిన డైవ్ డబ్బు తిరిగి ఇవ్వండి. ఆ పరికరాలు చివరిసారి ఎప్పుడు సర్వీస్ చేశారో రాతపూర్వకంగా తెలపండి. తర్వాతి బ్యాచ్ వెళ్లేలోపే ఆ షెడ్యూలు మార్చండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్

జత: బుకింగ్ రసీదు, డైవ్ కంప్యూటర్ రికార్డు